వార్నింగ్ ఇవ్వకపోయినా అది ఔటే

సంక్రాంతికీ వేసవి సెలవులకీ మన ఊళ్లలో జరిగే టెన్నిస్ బంతి టోర్నమెంట్లలో తరచూ పేచీకొచ్చే సంగతి ఇది. చివరి ఓవర్. బంతి వెయ్యడానికి పరిగెత్తుకొచ్చిన కుర్రాడు చూస్తే నాన్‌స్ట్రైకర్ అప్పటికే రెండడుగులు ముందుకెళ్లిపోయి ఉంటాడు. కుర్రాడు ఆగి బెయిల్స్ పడగొడతాడు. అంతే, ‘ముందు వార్నింగ్ ఇచ్చావా?’ అంటూ బ్యాటింగ్ జట్టు మొత్తం మైదానంలోకి దిగుతుంది. అంపైర్‌గా నిలబడ్డది కూడా చాలాచోట్ల ఆ జట్టువాడే కాబట్టి నాటౌట్ అయిపోతుంది. క్రీజు వదిలి వెళ్లినవాడు దర్జాగా ఆడుకుంటాడు. నిబంధన తెలిసిన బౌలరేమో మోసగాడనిపించుకుని ఇంటికెళ్తాడు. పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఆ మాట ఎందుకు పడాలి?

‘మొదటిసారి హెచ్చరించాలి, రెండోసారే ఔట్ చెయ్యాలి’

ఈ నిబంధన ఎక్కడా లేదు. ఇప్పుడు లేదు, 1947లోనూ లేదు. క్రికెట్ చట్టాలు రాసే ఎంసీసీ ఈ సంగతిని 38.3లో తేల్చి చెప్పింది. బంతి ఆటలోకి వచ్చినప్పటి నుంచి, బౌలర్ మామూలుగా దాన్ని చేతిలోంచి వదిలే క్షణం దాకా నాన్‌స్ట్రైకర్ క్రీజు బయట ఉంటే రనౌట్ చెయ్యొచ్చు. అందులో హెచ్చరిక ఊసే లేదు.

మరి ఇంతమంది ఎందుకు నమ్ముతున్నారు? 1947లో మన జట్టు ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు, నవంబరులో సిడ్నీలో జరిగిన టూర్ మ్యాచ్‌లో వినూ మన్కడ్ బిల్ బ్రౌన్‌ను ముందు హెచ్చరించి, తర్వాత ఔట్ చేశాడు. డిసెంబరులో అదే సిడ్నీలో రెండో టెస్టు. బ్రౌన్ మళ్లీ క్రీజు వదిలాడు. ఈసారి మన్కడ్ హెచ్చరించలేదు, నేరుగా బెయిల్స్ పడగొట్టాడు. ఒకసారి చెప్పి, ఒకసారి ఔట్ చేసినా మానని మనిషికి మూడోసారి ఏం చెప్పాలి? అప్పటి ఆస్ట్రేలియా కెప్టెన్ బ్రాడ్‌మన్ తన ఆత్మకథలో మన్కడ్‌నే సమర్థించాడు. ఎదుటి జట్టు నాయకుడికి కనబడని తప్పు పత్రికలకూ ప్రేక్షకులకూ కనబడింది. మన్కడ్ మొదట చూపిన మర్యాద కాలక్రమంలో చట్టమన్నట్టు ప్రచారమైంది. ఆ తర్వాత 1952లో లార్డ్స్ టెస్టులో 72, 184 పరుగులు చేసి, ఒకే ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీసినవాడు ఆయన. అంత గొప్ప ఆల్‌రౌండర్ పేరును ఇలాంటి ఔట్‌కు పెట్టి ఎన్నో ఏళ్లు ఒక తిట్టులా వాడారు.

ఈ అపోహ ఎంత కీడు చేస్తుందో 2022 సెప్టెంబరు 24న లార్డ్స్‌లో అందరూ చూశారు. ఝులన్ గోస్వామికి అది చివరి అంతర్జాతీయ మ్యాచ్. ఇంగ్లండ్‌కు ఇంకా 17 పరుగులు కావాలి, చేతిలో ఉన్నది ఆఖరి వికెట్. చార్లీ డీన్ 47 మీద బాగా ఆడుతోంది. దీప్తి శర్మ బంతి వెయ్యబోతూ ఆగి ఆమెను రనౌట్ చేసింది. థర్డ్ అంపైర్ ఔట్ ఇచ్చారు, భారత్ 16 పరుగులతో గెలిచి సిరీస్‌ను 3–0 చేసింది. ఇక దీప్తి మీద విమర్శల వాన. ఇంటికొచ్చాక ఆమె, ముందే చాలాసార్లు హెచ్చరించామని, అంపైర్లకూ చెప్పామని అంది. గాయం వల్ల ఆ సిరీస్ ఆడని ఇంగ్లండ్ కెప్టెన్ హెదర్ నైట్, ఔట్ న్యాయమైనదేనని ఒప్పుకుంటూనే, హెచ్చరికలేవీ ఇవ్వలేదంది. అక్కడి నుంచి చర్చంతా దీప్తి నిజం చెప్పిందా, అబద్ధమాడిందా అనే దాని చుట్టూ తిరిగింది. అసలు ఆ సంజాయిషీ ఆమె ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. లేని నిబంధనను పాటించావా అని అడిగి, జవాబు చెప్పినందుకు బోనులో నిలబెట్టారు. ఆ మ్యాచ్ వీడియోను మొదటి నుంచీ చూసి లెక్కపెట్టిన ఒక క్రికెట్ విలేఖరికి, అంతకుముందే డీన్ 72 సార్లు ముందుగా క్రీజు వదిలినట్టు తేలింది. అలా ఎందుకు వదిలావని డీన్‌ను అడిగినవాళ్లు ఎంతమంది?

ఆటలో మిగతా చోట్ల హెచ్చరికలు ఎవరిస్తున్నారు? కాలు గీత దాటిన బ్యాటర్‌ను ‘ఈసారికి వదిలేస్తా’ అని ఏ కీపరూ అనడు, స్టంపింగ్ చేస్తాడు. బౌలర్ పాదం వెంట్రుకవాసి ముందుకు పడితే నోబాల్, పరిమిత ఓవర్లలో ఆపైన ఫ్రీ హిట్. అంతెందుకు, స్ట్రయిట్ డ్రైవ్ బౌలర్ వేళ్లకు తగిలి అవతలి వికెట్లను పడగొడితే ఏ పాపమూ ఎరగని నాన్‌స్ట్రైకర్ కూడా ఔటై వెళ్లిపోతాడు. దాన్ని దురదృష్టం అంటారు తప్ప మోసమని ఎవరూ అనరు. రెండు క్రీజుల మధ్య దూరం 58 అడుగులు. రనౌట్లు తేలేది అంగుళాల్లో. అలాంటి ఆటలో మూడడుగులు ముందే తీసుకున్నవాడికి మర్యాద చెయ్యాలనడం న్యాయమేనా?

మిగతా అపోహలు తొందరగా తేల్చేద్దాం. ఇది మనవాళ్లు కనిపెట్టిన తొండి అంటారు. ఇంగ్లండ్‌లో ఇలాంటి ఔట్ 1835లోనే నమోదైంది. వికెట్ బౌలర్ ఖాతాలో పడుతుందనడమూ తప్పే, అది మామూలు రనౌట్. బంతిని చేత్తో పట్టుకునే బెయిల్స్ కొట్టాలని లేదు, బౌలర్ విసిరి కొట్టినా ఔటే. ఆ బంతి ఓవర్లో లెక్కకు రాదు. బ్యాట్ గీత మీద ఉంటే చాలదు, గీత లోపల ఉండాలి. 2022లో కొత్తగా ఇది ఔట్ అయిందనుకోవడమూ పొరపాటే. ఆ అక్టోబరు 1 నుంచి దీన్ని ‘అనుచిత ఆట’ నిబంధనల్లోంచి తీసి రనౌట్ నిబంధనలో పెట్టారు, అంతే.

‘బౌలర్ ఎప్పుడు చేసినా ఇది క్రీడాస్ఫూర్తికి విరుద్ధమే’

ఎప్పుడు చేసినా అనడం తప్పు. కానీ ఇందులో కొంత నిజముంది, నాకు ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి. 2019 మార్చి 25న జైపూర్ ఐపీఎల్ మ్యాచ్‌లో అశ్విన్, 69 మీద ఉన్న జాస్ బట్లర్‌ను ఇలాగే ఔట్ చేశాడు. మొదట అది నిబంధనల ప్రకారమేనన్న ఎంసీసీ, మళ్లీ పరిశీలించి, క్రీజు దగ్గరికొచ్చాక అశ్విన్ మరీ ఎక్కువసేపు ఆగాడని, అది క్రీడాస్ఫూర్తికి తగదని చెప్పింది. అశ్విన్‌ను దోషి అనలేను, ఔట్ ఇచ్చింది అంపైరే. అయినా బంతి వేసే ఉద్దేశమే లేకుండా, అవతలివాడు క్రీజు దాటేదాకా కాచుకుని ఉండటం నాకూ నచ్చదు. కాపలా కాయడం వేరు, వల పన్నడం వేరు.

కోర్ట్నీ వాల్ష్ పేరు కూడా ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. 1987 ప్రపంచ కప్‌లో లాహోర్‌లో ఆయన సలీమ్ జాఫర్‌ను ఔట్ చెయ్యకుండా వదిలాడు, పాకిస్తాన్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది, వెస్టిండీస్ సెమీస్‌కు చేరలేదు. వాల్ష్‌కు చేతులెత్తి మొక్కవచ్చు. కానీ ఆయన చేసింది దానం. దానాన్ని బాకీలా వసూలు చెయ్యకూడదు.

టోర్నమెంటు నిర్వాహకులు చెయ్యాల్సింది చాలా తేలిక. టాస్‌కు ముందే ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి, క్రీజు ముందుగా వదిలితే హెచ్చరిక లేకుండా ఔటేనని అందరి ఎదుటా చెప్పండి. నాన్‌స్ట్రైకర్ వైపు అంపైర్‌గా వేరే జట్టువాడిని పెట్టండి. బౌలర్‌కు నేర్పాల్సిందీ ఒకటుంది: చెయ్యి పైకి లేచి నిటారు దాటిపోయాక మళ్లీ వెనక్కి తిరిగి వికెట్లు కొడితే చెల్లదు. 2023 జనవరిలో బిగ్ బాష్‌లో ఆడమ్ జంపా సరిగ్గా అలాగే కొట్టాడు, నాటౌట్ ఇచ్చారు.

కోచ్‌లు బ్యాటింగ్ నేర్పేటప్పుడు నాన్‌స్ట్రైకర్ పని కూడా నేర్పాలి. చూపు స్ట్రైకర్ మీద కాదు, బౌలర్ చేతి మీద ఉండాలి. బంతి చేతిని వదిలినట్టు కళ్లతో చూసేదాకా బ్యాట్ క్రీజు లోపలే నేలకు ఆని ఉండాలి, ఆ తర్వాతే అడుగు. ఫీల్డింగ్ కెప్టెన్‌కు అలా గెలవడం ఇష్టం లేకపోతే దారి ఉంది: తర్వాతి బంతి ఆటలోకి వచ్చేలోపు అంపైర్ అనుమతితో అప్పీల్ వెనక్కి తీసుకోవచ్చు. 2023 జనవరి 10న గువాహటిలో షమీ 98 మీద ఉన్న శనకను ఔట్ చెయ్యబోతే రోహిత్ శర్మ అప్పీల్ వెనక్కి తీసుకున్నాడు. అది కెప్టెన్ ఇష్టం. గట్టు మీద కూర్చున్న పెద్దలు ఆ నిర్ణయం కోసం బౌలర్ మీద కేకలు వెయ్యడం ఇకనైనా ఆపాలి.