హెల్మెట్టులో హోరు



"ఏమిటలా గొణుగుతావు? కాస్త గట్టిగా చెప్పకూడదూ!" - ఈ మాట మీ ఇంట్లో ఈమధ్య తరచుగా వినబడుతోందా? టీవీ శబ్దం రోజురోజుకీ పెరుగుతోందా? మీవారు గానీ, అబ్బాయి గానీ మోటారుసైకిలు మీద దూరాలు తిరిగేవారైతే, లోపం మీ గొంతులో ఉండకపోవచ్చు. వారి చెవుల సంగతి ఆలోచించవలసి ఉంటుంది.

మోటారుసైకిలు చప్పుడనగానే మనకు ఇంజనూ, సైలెన్సరూ గుర్తుకొస్తాయి. కాని వేగం పెరిగాక చెవికి ఎక్కువ హాని చేసేది గాలి. హెల్మెట్టు అంచుల దగ్గర, ముఖ్యంగా గడ్డం కింద, గాలి సుడులు తిరుగుతుంది. ఆ హోరంతా చెవుల పక్కనే పుడుతుంది. "హెల్మెట్టు ఉందిగా, చెవులు మూసుకునే ఉన్నాయిగా!" అనుకుంటాం. హెల్మెట్టు తలను కాపాడుతుంది, దాన్ని ఎవరూ మానకూడదు. అయితే ఈ హోరును మాత్రం అది ఆపలేదు.

శబ్దాన్ని డెసిబెల్సులో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 డెసిబెల్సు. 85 డెసిబెల్సు శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదని అమెరికాలోని నియోష్ అనే సంస్థ 1998లో సిఫార్సు చేసింది. అక్కడినుంచి 3 డెసిబెల్సు పెరిగినప్పుడల్లా ఆ గడువు సగమైపోతుంది. 88 అయితే 4 గంటలు, 94 అయితే ఒక్క గంట, 100 అయితే పావుగంటే! మరి హెల్మెట్టు లోపల ఎంత ఉంటుంది? గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దాదాపు 90, వంద కిలోమీటర్ల వేగంలో దాదాపు 100. హెల్మెట్టును బట్టి కొంచెం అటూ ఇటూ కావచ్చు. హైదరాబాదు నుంచి విజయవాడ దాకా బండి మీద వెళ్ళే కుర్రవాడి చెవులు, ఊరు చేరకముందే ఆ రోజు గడువు దాటిపోతాయన్నమాట.

చెవి లోపల నత్తగుల్ల లాంటి భాగంలో సుమారు 15 వేల సన్నని కణాలుంటాయి. వినికిడికి ఆధారం అవే. వాటిని వరిచేనుతో పోల్చుకోండి. ఒకసారి గాలి వీస్తే పైరు వంగి, మళ్ళీ లేస్తుంది. ప్రయాణం చేసి వచ్చిన రాత్రి చెవులు దిబ్బడగా ఉండి, "గుయ్" మని, తెల్లారేసరికి తగ్గిపోవడం ఇలాంటిదే. అదే గాలి మళ్ళీ మళ్ళీ కొడితే పైరు పడిపోతుంది. పడిన చేనును మరుసటి ఏడు నాటుకోవచ్చుగాని, చచ్చిన ఈ కణాలు మనిషికి మళ్ళీ పుట్టవు. ఏ మందూ వాటిని తిరిగి తేలేదు.

మొదట దెబ్బతినేది సన్నని ధ్వనుల వినికిడి. స, శ, చ వంటి అక్షరాలు జారిపోతాయి. "చారు పెట్టనా, సాంబారు పెట్టనా?" అంటే ఏదో అన్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. అందుకే మనం గొణుగుతున్నామని వారికి కోపం!

దీనికి ఉపాయం చాలా చిన్నది - ఇయర్ ప్లగ్గులు. చెవి బిరడాలందాం. మందుల షాపుల్లోనూ, ఫ్యాక్టరీ పనివారి రక్షణ సామాన్లమ్మే దుకాణాల్లోనూ చవగ్గానే దొరుకుతాయి. మెత్తని ఫోము రకాన్ని శుభ్రమైన చేతులతో సన్నగా నలపాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, బిరడా లోపల పెట్టి, అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. సరిగా కూర్చుంటే మన మాట మనకే బిందెలోంచి వచ్చినట్టుంటుంది. తీసేటప్పుడు నెమ్మదిగా తిప్పుతూ తీయాలి. మాసినా, గట్టిపడినా పారేయాలి. దూదితో సరిపెట్టుకోవద్దు, అది శబ్దాన్ని ఆపేది బహుకొద్ది. పాటలు వినే ఇయర్‌ఫోన్లు దీనికి బదులు కానేకావు.

"మరి వెనక లారీ హారన్ వినబడొద్దూ?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. బిరడా చెవిని చెవిటి చేయదు. హోరునూ హారన్నూ రెంటినీ తగ్గిస్తుంది గనుక, హోరును మించిన హారన్ అప్పుడూ వినబడుతుంది. అయితే ఇది పెద్దరోడ్డు ప్రయాణానికి చెప్పిన మాట. సందుల్లో, బజార్లలో నెమ్మదిగా వెళ్ళేటప్పుడు గాలి హోరు అంత ఉండదు, అక్కడ వీటి అవసరమూ అంతగా లేదు. వినికిడి ఇప్పటికే తగ్గినవారు, చెవిలో చీము కారేవారు, కర్ణభేరికి చిల్లు పడినవారు డాక్టరుని అడగకుండా వాడరాదు.

వెనక కూర్చునే మన చెవులకూ ఇదే గాలి తగులుతుందని మరిచిపోకండి. ఈసారి ఊరి ప్రయాణానికి పులిహోర పొట్లంతో పాటు రెండు జతల బిరడాలు కూడా సంచిలో పెట్టండి. "ఇదేమిటి, కొత్త చాదస్తం!" అని మీవారు నవ్వితే నవ్వనివ్వండి. పదేళ్ళ తరవాత మీరు వంటింట్లోంచి మెల్లగా పిలిస్తే వారు పలకాలి కదా!