ర్యాంప్ ఎక్కిన మన తీరం బట్ట

2025 జూన్‌లో మిలాన్ నగరంలో ప్రాడా ఫ్యాషన్ షో జరిగింది. మోడళ్ల కాళ్లకు బొటనవేలు దూర్చుకునే తోలు చెప్పులు. ఫోన్‌లో ఆ వీడియో చూసిన మనవాళ్లందరిదీ ఒకటే మాట: ‘ఇవి కొల్హాపురీ చెప్పులే కదా!’ షో వివరాల్లో మాత్రం కొల్హాపూర్ లేదు, ఇండియా లేదు. ఉత్త ‘తోలు చెప్పులు’ అంతే. కొల్హాపురీకి 2019లోనే జీఐ గుర్తింపు వచ్చింది. సోషల్ మీడియాలో దుమ్మెత్తిపోశాక, భారతీయ చేతిపని నుంచే స్ఫూర్తి పొందామని కంపెనీ ఒప్పుకుంది.

అప్పుడు కామెంట్లలో మండిపడ్డవాళ్లలో మన నెల్లూరు కుర్రాళ్లూ ఉండే ఉంటారు. అయితే ఇలాంటి కథ మన తీరానికే ఒకటుంది. అది నాలుగు వందల ఏళ్ల పాతది.

బట్ట కోసమే దిగారు

చిల్లకూరు అనగానే ఇవాళ గుర్తొచ్చేవి హైవే, సిలికా ఇసుక లారీలు. (2022లో దీన్ని తిరుపతి జిల్లాలో కలిపారు. అయినా ‘మీదే ఊరు?’ అంటే నెల్లూరనే చెప్పేవాళ్లు, అది వేరే సంగతి.) అక్కడి నుంచి సముద్రం వైపు పోతే కోట, ఆ తర్వాత వాకాడు, ఇంకా ముందుకెళ్తే దుగరాజపట్నం. పాత ఇంగ్లిష్ రికార్డుల్లో దాని పేరు ‘ఆర్మగాన్’. 1626లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది. వాళ్లకు కావాల్సింది మన నూలు బట్ట. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్లు అడిగింది ఈ తీరంలో నేసిన, అద్దిన బట్టలనే. ఆ రోజుల్లో మన బట్టే కరెన్సీ అన్నమాట.

ఆర్మగాన్ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డేకి ఇక్కడి వ్యాపారం సరిపోలేదు. దక్షిణాన ఇంకా మంచి బట్ట, ఇంకా చౌకగా దొరుకుతుందని లెక్కలేసుకుని 1639లో మద్రాసపట్నంలో జాగా సంపాదించాడు. అంటే చెన్నై మహానగరం కథ మొదలైంది మన తీరం నుంచి బట్ట వెతుక్కుంటూ వెళ్లిన ఒక వ్యాపారితో!

డచ్చివాళ్లు అంతకుముందే, 1610లో, పులికాట్‌లో దిగారు. సరస్సు చాలామటుకు మన రాష్ట్రంలోనే ఉంది, ఊరు మాత్రం ఇప్పుడు తమిళనాడులో. ఆ రేవు నుంచి గళ్ల రుమాళ్లు ఓడలెక్కేవి. ఎంతగా వెళ్లాయంటే, ఇంగ్లిష్‌లో ‘పులికాట్’ అంటే ఊరి పేరు కాకుండా రంగుల చేతిరుమాలు అనే అర్థమే స్థిరపడింది. చివరికి స్కాట్లాండ్ మగ్గాల మీద కూడా అచ్చం అలాంటి రుమాళ్లు నేసి అదే పేరుతో అమ్మారు. బ్రాండ్ పేరు మనది, సరుకు వాళ్లది. ఇవాళ సంతలో దొరికే డూప్లికేట్ బ్రాండెడ్ షూలను చూసి నవ్వుతాం కదా, అప్పట్లో ఒరిజినల్ మనం, కాపీ వాళ్లు.

తలపాగాలో రిలేషన్‌షిప్ స్టేటస్

ఈ గళ్ల బట్టకే తర్వాత ‘మద్రాస్’ అనే పేరు అతుక్కుంది. అది ఓడల్లో కరీబియన్ దీవులకు చేరింది. మార్టినిక్, గ్వాడెలూప్, సెయింట్ లూసియా, డొమినికా... ఈ దీవుల్లో ఇప్పటికీ ఆడవాళ్ల పండగ దుస్తుల్లో మద్రాస్ గళ్లు తప్పనిసరి. తలకు చుట్టుకునే గుడ్డకు ఎన్ని కొసలు పైకి నిలబెట్టారన్నదాన్ని బట్టి మనసులో మాట చెప్పేవాళ్లట. ఒక్క కొస ఉంటే మనసు ఖాళీ. రెండుంటే మాటిచ్చేసింది. మూడుంటే పెళ్లయిపోయింది. నాలుగుంటే... పెళ్లి సంగతి పక్కన పెట్టి, ప్రయత్నిస్తే చోటుందని! ఇన్‌స్టా బయోలో ఇంత వివరంగా ఎవరూ రాయరు.

అమెరికా కథ ఇంకా తమాషా. 1958లో విలియం జేకబ్సన్ అనే దిగుమతిదారు మద్రాసు వచ్చి వేల గజాల గళ్ల బట్ట కొన్నాడని చెబుతారు. చల్లటి నీళ్లలో సుతారంగా ఉతకాలి, లేదంటే రంగు పోతుందని అమ్మినవాళ్లు ముందే చెప్పారట. ఆయన ఆ ముక్క బ్రూక్స్ బ్రదర్స్‌కు చెప్పడం మర్చిపోయాడు. వాళ్లు దానితో ఖరీదైన కోట్లు, చొక్కాలు కుట్టి అమ్మారు. జనం మెషిన్లో వేశారు. రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కేసులు పడతాయనుకుంటే, ఎవరో తెలివైనవాళ్లు కథ మార్చేశారు: ‘ఇది ఇండియా అద్భుతం. ప్రతి ఉతుకులో కొత్త రంగు, కారడం గ్యారంటీ!’ అంతే, కాలేజీ కుర్రకారు ఎగబడ్డారు. మన ఇంట్లో రంగు పోయే చొక్కాని తుడుపు గుడ్డ చేస్తాం. అక్కడ అదే ట్రెండ్ అయింది. ఇప్పటికీ వేసవి వస్తే అమెరికా బ్రాండ్ల కలెక్షన్లలో ‘మద్రాస్’ చొక్కా ఉండాల్సిందే. దాన్ని నేసిన చేతులు ఎవరివో అడిగినవాళ్లు తక్కువ.

గూడూరు అవతల ఇంకో ఊరు

పులికాట్ రుమాలు చరిత్ర పుస్తకాల్లోకి వెళ్లిపోయింది. కానీ చిల్లకూరు పక్కనే ఉన్న గూడూరులో రేణిగుంట వైపు రైలెక్కితే దారిలో వచ్చే వెంకటగిరిలో మగ్గం ఇంకా ఆడుతోంది. వెలుగోటి రాజుల ఆదరణలో పెరిగిన నేత ఇది. సన్నటి నూలు, జరీ అంచు, చేతిలో పట్టుకుంటే బరువు తెలియనంత తేలిక. మే నెల నెల్లూరు ఎండలో కట్టుకుంటే తప్ప దాని విలువ తెలియదు. ఈ చీరలకూ జీఐ గుర్తింపు ఉంది.

వెంకటగిరి అసలు గొప్పతనం జాందానీ. పడుగు అంటే నిలువు దారాలు, పేక అంటే అడ్డ దారాలు, ఇంతవరకు అన్ని బట్టలకూ మామూలే. జాందానీలో బుటా రావాల్సిన ప్రతిచోటా నేతగాడు పడుగు దారాలు లెక్కపెట్టి, రంగు దారమో జరీయో వేళ్లతో దూర్చి, ఒక పేక వేసి, మళ్లీ లెక్క మొదలుపెడతాడు. హంస మెడ వంపు తిరగాలంటే వరుసకు ఒకటి రెండు దారాలు జరుపుతూ పోవాలి. కొంగు పెద్దదైతే పక్కన ఇంకొకరు కూర్చుంటారు. పని ఎక్కువున్న చీర మగ్గం దిగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు. ఢాకా జాందానీని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అదే పద్ధతి మన గూడూరు నుంచి ఓ పూట ప్రయాణం కూడా లేని ఊళ్లో ఉంది.

ర్యాంప్ మీదికి జాందానీని ఎక్కించినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది హైదరాబాద్ డిజైనర్ గౌరాంగ్ షా గురించి. లాక్మే ఫ్యాషన్ వీక్‌లో ఆయన కలెక్షన్లకు చేనేతే ప్రాణం. ‘మహానటి’ కాస్ట్యూమ్స్‌కు ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులతో కలిసి జాతీయ అవార్డు అందుకున్నారు. 2019లో రాజా రవివర్మ చిత్రాలను ఖాదీ చీరల మీద జాందానీ పద్ధతిలో నేయించారు, 30 చీరలు! బొమ్మ గీయడం ఒక ఎత్తు, అదే బొమ్మను దారం దారంగా లెక్కపెట్టి తేవడం ఇంకో ఎత్తు.

ఇక్కడ నాకో పేచీ ఉంది. ర్యాంప్ చివర డిజైనర్ వచ్చి దండం పెడతారు, కెమెరాలన్నీ అటే. ఈమధ్య కొందరు నేతకారులను కూడా వేదిక మీదికి పిలుస్తున్నారు, సంతోషమే. కానీ చప్పట్లతో పూట గడవదు. 2019–20 చేనేత గణన ప్రకారం దేశంలో మూడింట రెండొంతుల నేత కుటుంబాల ఆదాయం నెలకు 5,000 రూపాయల లోపు. వెంకటగిరి పిల్లలకు ఒకవైపు నాయుడుపేట, తడ, శ్రీసిటీ కంపెనీలు కనిపిస్తున్నాయి. నెల తిరిగేసరికి జీతం ఖాతాలో పడుతుంది. నాన్న పక్కన గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని దారాలు లెక్కపెట్టమని వాళ్లకు ఏ ముఖంతో చెప్పగలం? ‘కళ బతకాలి’ అని ఏసీ గదిలో కూర్చుని రీల్ చెయ్యడం తేలికే. తప్పు కంపెనీలో చేరిన కుర్రాడిది కాదు.

ఆ పైన డూప్లికేట్ల దెబ్బ. మరమగ్గం మీద చకచకా తీసిన చీర, లేదా ప్రింట్ కొట్టిన చీర ‘వెంకటగిరి’ పేరుతో ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది. దాని పక్కన అసలుది పెడితే, ‘అమ్మో, ఇంత రేటా’ అని మనమే స్క్రోల్ చేసేస్తాం. పులికాట్ రుమాలుకి స్కాట్లాండ్‌లో జరిగిందే ఇది. కాకపోతే ఈసారి కొనేది మనం.

తిరగేసి చూడండి

అందుకే అమ్మకో, అక్కకో, ఫ్రెండ్ పెళ్లికో వెంకటగిరి కొనబోతే ముందు కొంగు తిరగేయమనండి. అసలైన జాందానీ బుటా ముందూ వెనకా దాదాపు ఒకేలా ఉంటుంది. వెనక దారాలు వేలాడుతున్నా, కత్తిరించిన కొసలు గరుగ్గా తగులుతున్నా అది చేత్తో దూర్చిన బుటా కాదు. వెనకవైపు రంగు వెలిసినట్టుంటే ప్రింట్. తర్వాత అంచు పొడుగునా చూడండి. మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా సూదులున్న బద్దతో లాగి పెడతారు కాబట్టి సన్నటి చిల్లులు వరసగా కనిపిస్తాయి. షాపులో దాన్ని డ్యామేజీ అనుకుని పక్కన పెట్టేవాళ్లున్నారు! 2006లో కేంద్రం తెచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉందేమో కూడా అడగండి. ఆన్‌లైన్‌లో అయితే వెనకవైపు ఫొటో పెట్టమని మెసేజ్ చెయ్యండి. నిజంగా చేనేత అమ్మేవాళ్లు వెంటనే పంపుతారు.

చీర మనకెందుకు అనే అబ్బాయిలూ, అదే సన్న నూలుతో చొక్కా కుట్టించుకుని చూడండి, నెల్లూరు ఎండాకాలం లినెన్ మానేస్తారు. వీలైతే ఒకసారి ఊరికే వెళ్లి మగ్గం చూసి రండి. గూడూరు నుంచి బస్సులున్నాయి, రైలూ ఉంది. వినాయక చవితి తర్వాత పోలేరమ్మ జాతర రోజుల్లో మాత్రం వద్దు. ఊరంతా జనమే, మగ్గం చూపించే తీరిక ఎవరికుంటుంది!