తోట కత్తెరలకు వేర్వేరు పెట్టెలు

పనిముట్ల గదిలో పారలు ఒక మూల, కొడవళ్లు ఒక మూల, కొమ్మ కత్తెరలన్నీ ఒకే పెట్టెలో సర్దడం మన క్షేత్రాల్లో పరిపాటి. చూడటానికి ఇంపుగానే ఉంటుంది. అయితే దానిమ్మలో బాక్టీరియా మచ్చ తెగులు, నిమ్మలో గజ్జి తెగులు కత్తెరల ద్వారా కూడా వ్యాపిస్తాయి. తెగులు సోకిన తోటలో వాడిన కత్తెర ఉమ్మడి పెట్టెలో చేరితే, మరునాడు అది ఏ తోటకు వెళ్తుందో చెప్పలేము. కనుక కత్తెరలను తోటల వారీగా విడదీసి, పిడులకు వేర్వేరు రంగులు వేసి, వేర్వేరు పెట్టెల్లో ఉంచాలి. విద్యార్థుల ప్రయోగ తరగతుల్లో ఒకే కత్తెర అనేక చేతులు, అనేక చెట్లు మారుతుంది కాబట్టి అక్కడ ఈ నియమం మరింత అవసరం.

శుభ్రపరచడంలో క్రమం ముఖ్యం. మట్టి, జిగురు అంటి ఉండగానే సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ముంచితే దాని శక్తి ఆ మలినంపైనే ఖర్చవుతుంది. ముందు కడిగి, ఆ తరువాతే ముంచాలి. ఈ ద్రావణం ఇనుమును తినివేస్తుంది. అందువల్ల మళ్లీ మంచినీటితో కడిగి, తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. చెట్టుకూ చెట్టుకూ మధ్య తుడవడానికి 70 శాతం ఆల్కహాల్ అనువైనది. సాయంత్రం రెండు అలుగులు కలిసే మర వద్ద ఒక చుక్క నూనె వేసి, ఆ తోట పెట్టెలోనే ఉంచాలి.