ఎక్కుడు దగ్గర పది సెకన్లు

హయత్‌నగర్ నుంచి ఆగ్నేయంగా రాచకొండ గుట్టల దాకా ఎక్కువగా కనిపించేది ఎర్ర చెలక, మొరం, మధ్యమధ్య బోడి బండలు. కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ పరిశోధన క్షేత్రం హయత్‌నగర్‌లో ఉన్నది కూడా ఇలాంటి ఎర్రనేలలోనే. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు ఎండకూ వానకూ శిథిలమైనప్పుడు అందులోని ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమట్టి అవుతుంది. క్వార్ట్జ్ మాత్రం గరుకు రేణువులుగా మిగిలిపోతుంది. గట్టి నేల మీద వదులుగా పరుచుకున్న ఆ రేణువుల మీద ఎక్కుడు తొక్కడమంటే బండల మీద ఒలికిన జొన్నల మీద నడవడమే. పెడల్ బలంగా నొక్కగానే వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది.

హైదరాబాద్‌లో దూరాలు తొక్కేవాళ్లకు బ్రెవేలు అనే గడువు సవారీలు బాగా తెలుసు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. అవి పోటీలు కావు, గడువు లోపల చేరితే చాలు. తారు రోడ్డు మీద ఒకే ఊపులో గంటల తరబడి సాగిపోవచ్చు. అదే మౌంటెన్ బైక్ మారథాన్ దూరం అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 60 నుంచి 160 కిలోమీటర్లే. హిమాచల్‌లో 2005లో మొదలైన ఎంటీబీ హిమాలయ లాంటి రేసులు రోజుకో దశగా సాగుతాయి. దూరం తక్కువైనా ఈ రేసుల్లో నేల ఒకే ఊపును సాగనివ్వదు. బండ అంచో, ఇసుక మేటో, నిట్టనిలువు గట్టో ఎదురవుతుంది. పది సెకన్లు ఉన్న బలమంతా పెట్టాలి. ఊపిరి తీసుకునేలోపు ఇంకొకటి. రేసు పొడవునా ఇలాంటివి లెక్కలేనన్ని. వాటి మధ్య దొరికే కాస్త సమయంలో కండరం ఎంత త్వరగా తేరుకుంటుందో అదే రేసును తేలుస్తుందని నా నమ్మకం.

ఆ పది సెకన్ల బలం ఎక్కడిదో కనిపెట్టినవారిలో మనవారు ఒకరున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరం నుంచి తీసిన ద్రవంతో ఆ పరీక్ష చేస్తే రంగు రావలసిన వేగంతో రాలేదు. అంటే ఫాస్ఫరస్‌లో కొంత భాగం దేనితోనో ముడిపడి ఉండి, మెల్లగా విడివడుతోంది. ఇంకొకరైతే పరీక్ష సరిగా కుదరలేదని వదిలేసేవారేమో. వాళ్లు వదల్లేదు. అలా ముడిపడి ఉన్న పదార్థం ఫాస్ఫోక్రియాటిన్ అని 1927లో బయటపడింది. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ పెరుగుతుంది. కండరం కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లమేనని అప్పటిదాకా శాస్త్రలోకం గట్టిగా నమ్మింది. ఆ నమ్మకం కొద్ది ఏళ్లలోనే కూలిపోయింది. ఇంత చేసిన మనిషి పేరు మన బడి పుస్తకాల్లో ఇంకా పెద్దగా కనిపించాలి.

కండరానికి నేరుగా శక్తినిచ్చే ఏటీపీ అందులో సిద్ధంగా ఉండేది పూర్తి బలంతో తొక్కితే రెండు మూడు సెకన్లకు సరిపోయేంతే. దాన్ని వెంటవెంటనే భర్తీ చేసి, పది సెకన్ల దాకా లాక్కొచ్చేది ఫాస్ఫోక్రియాటిన్. ఖర్చయినదాంట్లో దాదాపు సగం అర నిమిషంలో తిరిగి తయారవుతుంది, తక్కినదానికి కొన్ని నిమిషాలు కావాలి. ఈ భర్తీకి ఆక్సిజన్ తప్పనిసరి. అందుకే గంటల తరబడి నెమ్మదిగా తొక్కి గుండె, ఊపిరి సత్తా పెంచుకున్నవాళ్లు గట్టు తర్వాత గట్టు ఎక్కగలుగుతారు. ఉన్న నిల్వను వృథా చేయకపోవడమూ ముఖ్యమే. మొరం మీద సీటు మీంచి లేస్తే వెనక చక్రం మీద బరువు తగ్గి జారుతుంది, పెట్టిన బలం నేలపాలవుతుంది. కూర్చునే, తేలిక గేరులో, సమంగా తొక్కాలి. టైర్లో గాలి కొంచెం తగ్గిస్తే రబ్బరు నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలి రిమ్ము దెబ్బతింటుంది.

మన దగ్గర ఎండ సంగతి వేరే చెప్పాలి. శరీరం వాడే శక్తిలో పెడల్‌కు చేరేది ఇంచుమించు నాలుగో వంతు, మిగతాదంతా వేడి. పెడల్ మీద 150 వాట్లు పెడితే 500 వాట్ల దాకా వేడి ఒంట్లోనే పుడుతుంది. దాన్ని చెమటతోనే వదిలించుకోవాలంటే గంటకు సుమారు ముప్పావు లీటరు చెమట ఆవిరవ్వాలి. ఆవిరైన చెమటే చల్లబరుస్తుంది, కారిపోయింది కాదు. ఏప్రిల్ పొడిగాలిలో ఆవిరవుతుంది కాబట్టి ఎంత నీరు పోయిందో తెలియదు. వానాకాలపు ఉక్కలో ఒళ్లంతా తడిసినా వేడి దిగదు. ఎక్కుడులో వేగం తక్కువ, ఒంటికి గాలి తగలదు. అక్కడే వేడి ముదురుతుంది. నీళ్లొక్కటే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఉప్పు కలిపిన మజ్జిగో, ఓఆర్ఎస్సో సీసాలో ఉండాలి.

తిండి విషయంలో పేగుకు ఓ హద్దు ఉంది. గ్లూకోజ్‌ను గంటకు 60 గ్రాములకు మించి పీల్చుకోవడం దానికి కష్టం. ఫ్రక్టోజ్‌కు దారి వేరు కాబట్టి రెండూ కలిస్తే 90 దాకా సాధ్యం, అదీ ముందునుంచి పేగును అలవాటు చేస్తే. చక్కెరలో, బెల్లంలో ఈ రెండూ ఉంటాయి. అరటిపండు, ఖర్జూరం కూడా పనికొస్తాయి. కండరాల్లోని చక్కెర నిల్వ, అంటే గ్లైకోజెన్, అయిపోయాక మిగిలేది కొవ్వు. అది అయిపోయేది కాదు కానీ శక్తిని నెమ్మదిగా ఇస్తుంది, గట్టు ఎక్కే ఊపుకు చాలదు. ఆకలి వేసేదాకా ఆగినవాళ్లకు చివరి గంటలో సైకిల్ దిగి నెట్టుకుంటూ ఎక్కవలసి వస్తుంది. అందుకే మొదటి అరగంట దాటకముందే మొదటి ముద్ద నోట్లో పడాలి.