మద్యం మానిపించడం: మొదటి అడుగు కుటుంబ వైద్యుని వద్దే

మా ఓ.పి.కి “మద్యం మానాలి డాక్టరుగారూ” అని వచ్చేవారు చాలా తక్కువ. కడుపులో మంట, నిద్ర పట్టకపోవడం, అరికాళ్ల తిమ్మిర్లు, అదుపులోకి రాని బి.పి., బండి మీద నుంచి పడి తగిలిన దెబ్బ - ఇవీ వారు చెప్పే బాధలు. అసలు సంగతి వెంట వచ్చిన భార్యో, తల్లో మెల్లగా చెబుతుంది, “నేను చెప్పానని అనకండి” అంటూ.

మన దేశంలో 10 నుంచి 75 ఏళ్ల వారిలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారని 2019లో వెలువడిన జాతీయ సర్వే తెలిపింది. మద్యానికి బానిసలైన వారిలో ఏదో ఒక చికిత్స అందినది 38 మందిలో ఒక్కరికే. సంఘంలో నలుగురికీ తెలుస్తుందన్న భయం దీనికి ఒక కారణం. వైద్యునికి చెప్పిన మాట ఆ గది దాటదని ముందుగా మనవి చేస్తున్నాము.

నాలుగు ప్రశ్నలు

బి.పి. చూసినట్లే, మద్యం గురించి కూడా పెద్దవారందరినీ అడగాలి. తాగుడు తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా తప్పుపడితే చిరాకు వచ్చిందా? తాగినందుకు తప్పు చేశానన్న బాధ కలిగిందా? పొద్దున లేస్తూనే వణుకు తగ్గడానికి తాగవలసి వచ్చిందా? రెండింటికి “అవును” అన్న జవాబు వస్తే ఇంకా వివరంగా పరీక్షిస్తాము. ఇందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 10 ప్రశ్నల పట్టిక ఉంది.

తాగే ప్రతివారూ బానిసలు కారు. అలవాటు ముదరనివారికి వైద్యుడు 5-10 నిమిషాలు కూర్చొని, వారి కడుపు మంటకూ తాగుడుకూ ఉన్న సంబంధం వివరించి చెప్పినా చాలామంది తగ్గించుకుంటారు. తిట్లకూ, ఉపన్యాసాలకూ ఈ ఫలితం రాదు.

హఠాత్తుగా మానిపించకండి

రోజూ ఎక్కువగా తాగేవారి చేత ఒట్టు వేయించి, గదిలో పెట్టి తాళం వేయడం ప్రమాదకరం. మానిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు, ఆందోళన మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనబడటం, మనుషులను గుర్తుపట్టకపోవడం, జ్వరం రావచ్చు. దీనిని గాలి సోకిందనుకొని ఆలస్యం చేస్తే ప్రాణం పోవచ్చు.

లక్షణాలు తక్కువగా ఉండి, ఇంట్లో చూసుకునే మనిషి ఉంటే, డయజిపామ్ వంటి మాత్రలు కొద్ది రోజులు తగ్గిస్తూ ఇస్తాము. ఇవి కూడా అలవాటయ్యే మందులే కనుక చీటీ దాచుకొని మళ్లీ కొనవద్దు. బి1 విటమిన్ తప్పనిసరి. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. “నీరసంగా ఉంది, ఒక సెలైన్ పెట్టండి” అని ఎక్కడికి వెళ్లినా, తాగుడు సంగతి చెప్పండి. పూర్వం ఫిట్స్ వచ్చినవారిని, కాలేయం దెబ్బతిన్నవారిని, వృద్ధులను, గర్భిణులను ఆసుపత్రిలో చేర్చుకోవాలి.

కల్లు తాగేవారు “అది మద్యం కాదుగా” అని దాచవద్దు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు అందకుండా కట్టడి చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎందరో ఫిట్స్‌తో, మతి తప్పి ఆసుపత్రుల పాలయ్యారు.

కూరలో కలిపే మందు

“ఆయనకు తెలియకుండా కూరలో కలిపే మందు ఇవ్వండి” అని అడిగే తల్లులు, భార్యలు ఎందరో. వారి దుఃఖం మాకు తెలుసు. అయినా ఇవ్వము. డైసల్ఫిరామ్ అనే ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడ పుట్టి, బి.పి. పడిపోతుంది. ప్రాణాపాయం కూడా కలగవచ్చు. మాత్ర మానిన రెండు వారాల వరకు ఈ ప్రమాదం ఉంటుంది. రోగి అన్నీ తెలిసి ఒప్పుకుంటే, మీరే రోజూ చేతికిచ్చి మింగించవచ్చు. అప్పుడది మంచి మందే. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ కూడా ఉన్నాయి. ఎవరికి ఏది అన్నది కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చూసి నిర్ణయిస్తాము.

మళ్లీ తాగితే?

మళ్లీ తాగడం ఈ జబ్బులో తరచు జరిగేదే. షుగరు పెరిగితే మందు మార్చుకుంటాము గాని రోగిని వెళ్లగొట్టము కదా! ఇదీ అంతే. సిగ్గుపడి ఇంట్లో ఉండిపోకుండా ఆ వారమే తీసుకురండి.

కుటుంబాలు గుర్తుంచుకోవలసినవి:

- తాగి ఉన్నప్పుడు వాదించవద్దు. తెల్లవారి, తెలివిగా ఉన్నప్పుడు మాట్లాడండి.
- అప్పులు తీర్చి, అబద్ధాలు చెప్పి తాగుడును కప్పిపుచ్చవద్దు.
- ఇంట్లో దెబ్బలు తింటుంటే మాకు విడిగా చెప్పండి. ఓర్చుకోవడం చికిత్స కాదు.
- వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. రెండింటికీ ఖర్చు లేదు.
- ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు రుసుము లేదు, పూర్తి పేరు చెప్పనక్కరలేదు.

ఆయన రానంటే మీరు ముందుగా రండి. ఇంట్లో ఏం మాట్లాడాలో, ఎలా తీసుకురావాలో కలిసి ఆలోచిద్దాము.