పెద్దవారి కంచంలో ఉప్పు ఎంత?

గుండె జబ్బు అనగానే మన ఇళ్లలో ముందుగా కంచంలోంచి తీసేసేది నెయ్యి. ఆ తర్వాత గుడ్డు, మాంసం. అమ్మకో నాన్నకో బి.పి. ఉందని తెలిసిన రోజు నుంచి నూనె చెంచాతో కొలిచి పోస్తారు. మంచిదే. కానీ అదే కంచంలో ఒక పక్క ఆవకాయ, ఇంకో పక్క అప్పడం, పెరుగన్నంలోకి ఊరమిరపకాయ ఎప్పటిలాగే ఉంటాయి. వాటిని ఎవరూ అనుమానించరు. పైగా "కూర ముట్టుకోలేదు గానీ పచ్చడితో రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు" అని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. 60 ఏళ్లు దాటి బి.పి. ఉన్నవారి విషయంలో నూనె కంటే ముందు అడగవలసింది ఉప్పు గురించి.

గుండె జబ్బులు పట్నవాసులకు, డబ్బున్నవారికి మాత్రమే వస్తాయన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఎవరెవరు ఏ కారణంతో చనిపోయారో ఇల్లిల్లూ తిరిగి నమోదు చేశారు. దాదాపు మూడో వంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. పొలం పనులు చేసుకునే ఊళ్లవి. ఇక ఉప్పు సంగతి: 2017లో వెలువడిన ఒక సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్కరు రోజుకు సగటున తింటున్న ఉప్పు 9 గ్రాములకు పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక టీ చెంచా. కూరలో వేసింది, పచ్చట్లో ఉన్నది, బిస్కెట్టులో ఉన్నది అన్నీ కలిపి అంతే.

ఉప్పులోని సోడియం ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. నాళాల్లో తిరిగే రక్తం పరిమాణం పెరుగుతుంది. వయసులో ఉన్నప్పుడు రక్తనాళాలు సాగుతాయి, మూత్రపిండాలు అదనపు ఉప్పును త్వరగా బయటకు పంపుతాయి. వయసు మళ్లేకొద్దీ నాళాలు బిరుసెక్కుతాయి, మూత్రపిండాలు నెమ్మదిస్తాయి. అందుకే అదే ఉప్పు పెద్దవారిలో బి.పి.ని ఎక్కువగా పెంచుతుంది. ఆ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని నెట్టీ నెట్టీ గుండె గోడలు మందమవుతాయి. ఇప్పటికే బలహీనపడిన గుండె అయితే నీరు కాళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పండుగలు, పెళ్లిళ్లు వెళ్లిన వారంలో కాళ్లవాపుతో, రాత్రి పడుకోలేని ఆయాసంతో వచ్చేవారిని అడిగితే మందులు మానలేదంటారు. నిజమే, మానలేదు. ఏం తిన్నారని అడిగితే అప్పుడు పులిహోర, అప్పడాలు, పచ్చళ్లు బయటపడతాయి.

ఆవకాయలో కారంతో, ఆవపిండితో పాటు ఉప్పునూ కొలిచి మరీ పోస్తాం. ఏడాదంతా బూజు పట్టకుండా ఉంచేది ఆ ఉప్పే. కాబట్టి ఉప్పు తగ్గించి నిలవపచ్చడి పెట్టడం కుదరదు, తినేది తగ్గించుకోవాలి. దాని బదులు ఏ పూటకాపూట నూరుకునే రోటిపచ్చళ్లు మనకు ఎన్ని లేవు! బీరపొట్టు, దోసకాయ, కొత్తిమీర, గోంగూర - వీటికి నిలవ ఉంచే ఉప్పు అక్కరలేదు, రుచికి చిటికెడు చాలు. ఎండుచేపల విషయమూ ఇంతే. నీళ్లలో నానబెట్టి కడిగితే కొంత ఉప్పు పోతుంది గానీ, అంతా పోదు. పచ్చిచేప దొరికే ఊళ్లో ఉంటూ ఎండుచేప ఎందుకు? సైంధవ లవణం, గులాబి రంగు ఉప్పు మంచివని కొందరు ఖరీదు పెట్టి కొంటున్నారు. రంగు వేరైనా అవీ దాదాపుగా సోడియం క్లోరైడే.

ప్యాకెట్టులో వచ్చే తినుబండారాల వెనక సోడియం ఎంతో మిల్లీగ్రాముల్లో రాసి ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చవేయండి, ఉప్పు లెక్క వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. వంటింటి ఉప్పుకు ఇంకా సులువైన లెక్క ఉంది. కిలో ఉప్పు ప్యాకెట్టు విప్పిన రోజున దాని మీద తేదీ రాయండి. ఇంట్లో ఇద్దరే ఉంటే అది 100 రోజులు రావాలి, నలుగురుంటే 50 రోజులు. పచ్చళ్లు, మిక్చర్లు బయట కొనే ఇంట్లో ఇంకా ఎక్కువ రోజులు రావాలి, ఎందుకంటే వాటిలోని ఉప్పు ఈ ప్యాకెట్టులోది కాదు.

పచ్చడి మెతుకుల వెనక

వయసు పెరిగితే నాలుకకు రుచి తెలియడం తగ్గుతుంది. "కూర చప్పగా ఉంది" అని పెద్దాయన అంటే చాదస్తం అనుకోవద్దు, ఆయనకు నిజంగానే చప్పగా ఉంటుంది. నిమ్మరసం, చింతపండు, మిరియాలు, జీలకర్ర, అల్లం, కరివేపాకు ఆ లోటు కొంత తీరుస్తాయి. ఉప్పు ఒక్కసారిగా మాన్పించకుండా వారం వారం కొద్దికొద్దిగా తగ్గిస్తే కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. ఆయనకు వేరే గిన్నెలో పథ్యం కూర వండకండి. ఇంటిల్లిపాదికీ అదే కూర వండండి. 30 ఏళ్ల కొడుక్కీ అది మేలే.

అసలు చిక్కు మరొకచోట ఉంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఇంట్లో ఆమె ఒక్కతే. ఒక్క ప్రాణానికి కూరేమిటని ఉదయం ఇంత అన్నం పడేసుకుని, రెండు పూటలా పచ్చడి, మజ్జిగతో కానిచ్చేస్తుంది. కట్టుడు పళ్లతో నమలడం కష్టం కాబట్టి అదే హాయిగా ఉంటుంది. అటువంటి తల్లికి పచ్చడి మానేయమని చెప్పి ఊరుకుంటే ఉత్త మజ్జిగన్నమే మిగులుతుంది. గుండెకు ఉప్పు తగ్గించడం ఎంత అవసరమో, కండ కరిగిపోకుండా పప్పు, గుడ్డు, పాలు, పెరుగు తినడమూ అంతే అవసరం. కుక్కరులో పాలకూరో తోటకూరో వేసిన పప్పు మెత్తగా ఉంటుంది, పది నిమిషాల పని. రోజుకో ఉడికించిన గుడ్డు చాలామందికి తినదగినదే, పచ్చసొనతో సహా. వారానికి రెండుసార్లు పులుసుగా వండిన చేప మంచిది. పెసరట్టు, మునగాకు పప్పు, నానబెట్టి ఉడికించిన శనగలు కూడా మంచివే. మీ వీధిలో, మీ సంఘంలో అలా ఒంటరిగా ఉండే పెద్దమ్మ ఉంటే మీరు వండిన కూరలోంచి ఒక చిన్న గిన్నెడు పంపండి. ఆమె బి.పి.కి మా మాత్ర ఎంత పనిచేస్తుందో అదీ అంత పనిచేస్తుంది.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఇప్పుడు దుకాణాల్లో దొరుకుతోంది. చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21,000 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. వారిలో కొందరికి అంతకుముందే పక్షవాతం వచ్చింది, మిగిలినవారు బి.పి. ఉన్న 60 ఏళ్లు దాటినవారు. ఆ ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తక్కువగా వచ్చింది. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్, స్పైరోనోలాక్టోన్ వంటి మాత్రలు వాడేవారు డాక్టరు గారిని అడగకుండా దాన్ని ముట్టుకోవద్దు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె కొట్టుకునే తీరే దెబ్బతింటుంది.

ఇక భయంతో ఉప్పు పూర్తిగా మానేసేవారూ ఉన్నారు. ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు వాడుతున్న పెద్దవారిలో సోడియం మరీ పడిపోతే తూలు, మగత, మాట తడబాటు వస్తాయి. కొందరికి మనుషులను గుర్తుపట్టలేని స్థితి కూడా వస్తుంది. దాన్ని ముసలితనం అనుకుని ఇంట్లో ఉంచేయకండి, రక్తపరీక్షతో తెలిసిపోతుంది. బి.పి. తగ్గింది కదా అని మాత్రలు సొంతంగా ఆపేయడమూ పొరపాటే.

గుండె బలహీనంగా ఉందని మందులు వాడుతున్నవారు రోజూ ఉదయం మూత్రవిసర్జన అయ్యాక, టిఫిను తినకముందు బరువు చూసుకుని పుస్తకంలో రాసుకోండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. తర్వాతి ఓ.పి. తేదీ వరకు ఆగకుండా ఆ రోజే రండి, బరువు రాసిన పుస్తకం, వాడుతున్న మాత్రలు వెంట తెచ్చుకోండి.