ఈసీజీ, ఎకో నార్మల్ అన్నాక మళ్లీ సీటీ యాంజియో ఎందుకు? గుండె స్కాన్లలో ఏది ఎప్పుడు అవసరం?

మెట్లెక్కుతుంటే ఛాతీలో బరువుగా అనిపిస్తోంది. రెండు నిమిషాలు ఆగితే తగ్గిపోతోంది. డాక్టర్ దగ్గరికి వెళితే ఈసీజీ తీశారు, బాగానే ఉందన్నారు. టూడీ ఎకో చేసి 'ఈఎఫ్ 60 శాతం, నార్మల్' అని రిపోర్టు ఇచ్చారు. అయినా చీటీ మీద 'సీటీ కరోనరీ యాంజియోగ్రామ్' అని మరో పరీక్ష రాశారు.

ఇంటికొచ్చాక చర్చ మొదలవుతుంది. రెండూ నార్మల్ వచ్చాక మూడోది ఎందుకు? స్కాన్ సెంటర్ బిల్లు కోసమా? ఎలాగూ డబ్బు పెడుతున్నప్పుడు నేరుగా యాంజియో చేయించుకుంటే పోదా? ఆరోగ్యశ్రీలో ఇది వస్తుందా?

చాలా కుటుంబాలకు ఎదురయ్యే ప్రశ్నలివి. శరీరంలోకి గొట్టం పంపకుండా గుండెను చూసే పరీక్షలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాటిలో ఏది ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో తెలిస్తే అనవసర ఖర్చు తగ్గుతుంది. అవసరమైన పరీక్షను వాయిదా వేసే ప్రమాదమూ తప్పుతుంది.

ఒక్క పరీక్షతో అన్నీ ఎందుకు తెలియవు?

గుండెను ఇంట్లోని నీళ్ల మోటారుతో పోల్చుకోవచ్చు. దానికి కరెంటు సరిగ్గా అందుతోందా అన్నది ఒక ప్రశ్న. మోటారు బాగా తోడుతోందా అన్నది మరొకటి. పైపుల్లో పాచి పట్టిందా అన్నది ఇంకొకటి. ఈసీజీ కరెంటు సంగతి చెబుతుంది. ఎకో తోడే శక్తిని చూపిస్తుంది. గుండెకు రక్తం తెచ్చే కరోనరీ నాళాల లోపలి పరిస్థితిని ఈ రెండూ నేరుగా చూపించలేవు.

నాళం సగానికి పైగా పూడిపోయినా, కూర్చుని ఉన్నప్పుడు గుండె కండరానికి సరిపడా రక్తం అందుతూనే ఉంటుంది. అందుకే బల్ల మీద పడుకోబెట్టి తీసిన ఈసీజీ, ఎకో చాలామందిలో మామూలుగానే వస్తాయి. మెట్లెక్కినప్పుడు, పరుగెత్తినప్పుడే అసలు లోటు బయటపడుతుంది.

టూడీ ఎకో: మొదటి మెట్టు

ఇది శబ్ద తరంగాలతో చేసే పరీక్ష. రేడియేషన్ ఉండదు, సూది గుచ్చరు. గర్భిణులకూ చేయవచ్చు. కవాటాలు లీకవుతున్నాయా, గోడలు మందమయ్యాయా, గుండె చుట్టూ నీరు చేరిందా అన్నవి తెలుస్తాయి.

రిపోర్టులో కనిపించే 'ఈఎఫ్' గురించి ఒక అపోహ ఉంది. 60 శాతం అని చూసి, గుండె 40 శాతం పాడైందని భయపడేవారు ఉంటారు. అది తప్పు. గుండె ప్రతిసారీ తనలోని రక్తాన్ని మొత్తం బయటికి నెట్టదు. సుమారు 55 నుంచి 70 శాతం మధ్య ఉంటే మామూలే. దీనికి వ్యతిరేకమైన అపోహ ఇంకా ప్రమాదకరం. ఈఎఫ్ బాగుంది కాబట్టి బ్లాకులు లేవనుకోవడం సరికాదు.

టీఎంటీ: నడిపించి చూసే పరీక్ష

ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ చూస్తారు. సాధారణంగా వాడే బ్రూస్ పద్ధతిలో ప్రతి 3 నిమిషాలకూ వేగం, ఎత్తు పెంచుతారు. ఖర్చు తక్కువ, చిన్న పట్టణాల్లోనూ దొరుకుతుంది. అయితే బ్లాకులున్నా పట్టుకోలేకపోవడం, లేకున్నా ఉన్నట్టు చూపడం రెండూ జరుగుతుంటాయి. మహిళల్లో దీని ఫలితం మరింత తికమక పెడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారు తగినంత వేగంగా నడవలేరు కాబట్టి వారికీ పెద్దగా ఉపయోగపడదు.

కాల్షియం స్కోరు: ఎవరికి పనికొస్తుంది?

ఇది కాంట్రాస్ట్ ఇంజెక్షన్ లేకుండా కొద్ది నిమిషాల్లో ముగిసే సీటీ స్కాన్. నాళాల గోడల్లో పేరుకున్న సున్నాన్ని లెక్కగడుతుంది. స్కోరు 0 అయితే రాబోయే కొన్నేళ్లలో గుండెపోటు అవకాశం తక్కువని అర్థం. 100 దాటితే కొలెస్ట్రాల్ మందుల గురించి గట్టిగా ఆలోచించాలి. 400 దాటితే పూడిక బాగా ఎక్కువగా ఉన్నట్టు.

లక్షణాలు లేకుండా, స్టాటిన్ మాత్ర మొదలుపెట్టాలా వద్దా అన్న సందిగ్ధంలో ఉన్న మధ్యవయసువారికి ఇది ఉపయోగం. 30లలో ఉన్నవారు మాత్రం 0 చూసి నిశ్చింతగా ఉండలేరు. కొత్తగా ఏర్పడిన మెత్తటి పూడికలో ఇంకా సున్నం చేరి ఉండదు. ఈ స్కాన్‌కు అది కనిపించదు. మనదగ్గర గుండెపోట్లు చిన్న వయసులోనే వస్తున్నాయి కాబట్టి ఈ పరిమితిని గుర్తుంచుకోవాలి.

సీటీ యాంజియో: గొట్టం లేకుండా నాళాల చిత్రం

చేతి నరంలోకి అయోడిన్ కాంట్రాస్ట్ ఎక్కించి, అది గుండె నాళాల్లోకి చేరే క్షణంలో స్కాన్ తీస్తారు. కొట్టుకుంటున్న గుండెను ఫొటో తీయాలి కాబట్టి కనీసం 64 స్లైస్ యంత్రం కావాలి. గుండె వేగం నిమిషానికి 60-65కు దగ్గరగా ఉండేలా ముందు మాత్ర ఇస్తారు. ఊపిరి బిగబట్టమంటారు. నాళాలు విచ్చుకునేందుకు నాలుక కింద నైట్రోగ్లిజరిన్ పెడతారు. లైంగిక సమస్యలకు సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు వాడేవారు సిగ్గుపడకుండా ముందే చెప్పాలి. ఈ రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

ఈ పరీక్ష 'బ్లాకుల్లేవు' అని చెబితే ఆ మాటను దాదాపుగా నమ్మవచ్చు. అదే దీని అసలు బలం. పైగా, నాళాన్ని ఇంకా మూసేయని తొలిదశ పూడికనూ ఇది చూపిస్తుంది. చాలా గుండెపోట్లు పెద్ద బ్లాకుల వల్ల కాక, ఇలాంటి చిన్న పూడిక పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టడం వల్లే వస్తాయి.

స్కాట్లాండ్‌లో ఛాతీనొప్పితో వచ్చిన 4,146 మందిపై జరిగిన 'స్కాట్-హార్ట్' అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. మామూలు పరీక్షలకు సీటీ యాంజియో జోడించినవారిలో 5 ఏళ్లలో గుండెపోటు లేదా గుండెజబ్బు మరణం 2.3 శాతం మందికే ఎదురైంది. జోడించని వారిలో అది 3.9 శాతం. స్కాన్ వల్ల జబ్బు తగ్గదు. పూడిక కళ్లకు కనపడటంతో సరైనవారికి సరైన మందులు మొదలవడమే ఈ తేడాకు కారణమని పరిశోధకులు భావించారు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లోనే ఇలాంటి ఛాతీనొప్పికి దీన్ని మొదటి పరీక్షగా సూచించింది.

మరి నేరుగా మామూలు యాంజియోకు వెళితే ఏంటి? 2022లో వెలువడిన యూరప్ అధ్యయనం 'డిశ్చార్జ్' ఈ ప్రశ్నకే జవాబు వెతికింది. స్థిరమైన ఛాతీనొప్పి ఉండి, బ్లాకుల అవకాశం మధ్యస్థంగా ఉన్న 3,561 మందిని పరిశీలించారు. గుండెపోటు, పక్షవాతం, మరణాల్లో రెండు పద్ధతుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. పరీక్ష, చికిత్సల వల్ల తలెత్తిన పెద్ద సమస్యలు మాత్రం సీటీతో మొదలుపెట్టినవారిలో 0.5 శాతం, నేరుగా గొట్టం పంపినవారిలో 1.9 శాతం.

దీనికీ హద్దులున్నాయి. కిడ్నీ సమస్య ఉన్నవారికి కాంట్రాస్ట్ ఇబ్బంది కలిగించవచ్చు. అందుకే ముందుగా క్రియాటినిన్ చూస్తారు. గుండె లయ తప్పి కొట్టుకుంటున్నా, నాళాల్లో సున్నం మరీ ఎక్కువున్నా చిత్రం స్పష్టంగా రాదు.

న్యూక్లియర్ స్కాన్: రక్తం నిజంగా తగ్గుతోందా?

సీటీలో 60 శాతం బ్లాకు కనిపించిందనుకుందాం. దానివల్ల కండరానికి రక్తం నిజంగా తగ్గుతోందా? ఇది తేల్చేది పెర్ఫ్యూజన్ స్కాన్. మనవాళ్లు ఇప్పటికీ 'థాలియం స్కాన్' అంటుంటారు కానీ, ఇప్పుడు ఎక్కువగా టెక్నీషియం వాడుతున్నారు. నడిపించి, లేదా మందుతో గుండెకు శ్రమ కల్పించి ఒకసారి, విశ్రాంతిలో ఒకసారి చిత్రాలు తీస్తారు. మందుతో చేసేటప్పుడు ముందురోజు నుంచే టీ, కాఫీలు ఆపమంటారు. ఆపకపోతే మందు సరిగ్గా పనిచేయదు.

ఎంఆర్ఐ: కండరం బతికుందా?

గుండెపోటు వచ్చాక కండరంలో ఏ భాగం మచ్చగా మిగిలింది, ఏ భాగం కోలుకుంటుందన్నది కార్డియాక్ ఎంఆర్ఐ బాగా చూపిస్తుంది. గుండె కండరం వాపు, పుట్టుకతో వచ్చే కండర జబ్బుల్లోనూ ఉపయోగం. తరచూ రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లల గుండెలో ఇనుము ఎంత చేరిందో సూది గుచ్చకుండా కొలిచేదీ ఇదే. రేడియేషన్ లేదు. అయితే 30 నుంచి 60 నిమిషాలు ఇరుకు గొట్టంలో కదలకుండా ఉండాలి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. కొన్ని రకాలతో మాత్రమే ఈ స్కాన్ చేయవచ్చు. స్టెంట్ వేయించుకున్నవారికి సాధారణంగా అభ్యంతరం ఉండదు.

రేడియేషన్ ఎంత?

ఏ పరీక్షా చేయించుకోకపోయినా ప్రకృతి నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ మన ఒంటికి అందుతుంది. కాల్షియం స్కోరుకు సుమారు 1, కొత్త యంత్రాల్లో సీటీ యాంజియోకు సుమారు 2 నుంచి 5, న్యూక్లియర్ స్కాన్‌కు 10 వరకు ఉంటుంది. అవసరమున్నప్పుడు భయపడాల్సినంత కాదు. అలాగని ఏటా 'హార్ట్ ప్యాకేజీ' పేరుతో చేయించుకునేంత తేలికైనదీ కాదు.

బ్లాకు కనిపిస్తే స్టెంట్ తప్పదా?

తప్పనిసరి కాదు. 2020లో వెలువడిన 'ఇస్కీమియా' అధ్యయనంలో 5,179 మంది పాల్గొన్నారు. శ్రమ చేసినప్పుడు గుండెకు రక్తం తగ్గుతున్న, స్థిరంగా ఉన్న రోగులు వీరు. ముందే స్టెంట్ లేదా బైపాస్ చేసినా, మందులతో మొదలుపెట్టినా గుండెపోటు, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఛాతీనొప్పి తరచూ వచ్చేవారికి మాత్రం స్టెంట్, బైపాస్‌లతో ఉపశమనం ఎక్కువగా దొరికింది. ఎడమవైపు ప్రధాన నాళంలో పెద్ద బ్లాకు ఉన్నవారిని ఈ అధ్యయనంలో చేర్చలేదు. వారికి, గుండెపోటుతో వచ్చినవారికి ఈ లెక్క వర్తించదు.

ఈ స్కాన్ల కోసం ఆగకూడని సమయం

విశ్రాంతిగా ఉన్నా ఛాతీలో నొక్కినట్టు నొప్పి, చెమటలు, ఎడమచేయి లేదా దవడ లాగడం, ఆయాసం ఉంటే స్కాన్ సెంటర్‌కు వెళ్లొద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి. ఈసీజీ, ట్రోపోనిన్ రక్తపరీక్షలతోనే గుండెపోటు నిర్ధారణ మొదలవుతుంది. అలాంటప్పుడు నేరుగా గొట్టంతో చేసే యాంజియోనే ప్రాణం కాపాడుతుంది. మధుమేహం ఉన్నవారిలో, మహిళల్లో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, గ్యాస్‌లాంటి ఇబ్బందిగానూ కనిపించవచ్చు.

ఖర్చు ఎవరు భరిస్తారు?

ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు. ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు ఉచిత చికిత్స ఉంది. అయితే అది ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు. చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల వరకు అయ్యే పరీక్షలు, మందులు ప్యాకేజీలో కలుస్తాయి. ఓపీలో డాక్టర్ రాసిన స్కాన్ బయట చేయించుకుంటే ఆ డబ్బు తిరిగి రాదు. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ పథకం వర్తిస్తోంది.

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే తరహా పథకం ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఇవీ ప్రధానంగా చికిత్స ప్యాకేజీల మీదే నడుస్తాయి. అందుకే డబ్బు కట్టే ముందే నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి, ఈ పరీక్ష ప్యాకేజీలో ఉందా, విడిగా కట్టాలా అని అడగండి. ప్రైవేటు బీమాలోనూ చాలా పాలసీలు ఓపీ స్కాన్లకు డబ్బివ్వవు. తర్వాత అదే జబ్బుతో ఆసుపత్రిలో చేరితే ముందటి పరీక్షల బిల్లులు క్లెయిమ్ చేసుకునే వీలుండవచ్చు. కాబట్టి ఒరిజినల్ బిల్లులు, డాక్టర్ చీటీ పారేయొద్దు.

డాక్టర్‌ను అడగాల్సినవి

• ఈ పరీక్షతో ఏం తేల్చుకోవాలనుకుంటున్నారు?
• ఫలితం ఎలా వచ్చినా నా మందులు మారవంటే, చేయించుకోవడం అవసరమా?
• నాకున్న షుగర్, కిడ్నీ సమస్యలతో ఇది సురక్షితమేనా? మెట్‌ఫార్మిన్ ఆపాలా?
• ఇదే పనికి రేడియేషన్ లేని పరీక్ష ఉందా?

రిపోర్టు కాగితంతోపాటు చిత్రాల సీడీ కూడా అడిగి తీసుకోండి. మరో డాక్టర్ అభిప్రాయం కావాలన్నా, పథకం కింద అనుమతికి పంపాలన్నా చిత్రాలు అవసరమవుతాయి. సీడీ చేతిలో ఉంటే అదే స్కాన్‌ను మళ్లీ చేయించుకోవాల్సిన అవసరం చాలావరకు ఉండదు.